నాటకాల హాలుకు బట్టలు పెట్టినప్పుడు

మా కోరుట్లలో చుట్టాలందరూ కలిసి ఒక భవనానికి చీరలు, ధోతులు పెట్టారంటే బయటివాళ్లు నమ్మరు. నమ్మకపోతే పోనీ. నేను అక్కడే ఉన్నాను. స్తంభాలకు చీరలు చుట్టిన చేతుల్లో రెండు నావే. ఆ ఎండాకాలం గుర్తొస్తే ఇప్పటికీ కుట్టుమిషను మీద నా కాలు దానంతటదే ఉరుకుతుంది, సూది విరిగేదాకా.

ముందు హాలు సంగతి చెప్పాలి. పాత బజారు వెనక ఉంటుంది. తాతల కాలంలో నాటకాల పిచ్చి ఉన్న కొందరు పెద్దమనుషులు ఊరంతా తిరిగి చందాలెత్తి కట్టించారట. డంగుసున్నం గోడలు, టేకు దూలాలు, పైన ఎర్ర పెంకలు, లోపల చెక్క స్టేజీ. కొన్నాళ్లు నాటకాలే నడిచాయి. సినిమాలు వచ్చాక కూడా ఏడాదికోసారి నాటకం ఉండేది. ఆ తర్వాత అందులో మక్కల, అంటే మొక్కజొన్నల, బస్తాలు పెట్టారు. చివరికి కప్పు వంగి, బస్తాలు పెట్టుకునేవాళ్లకే భయం పుట్టి, తాళం వేశారు. అయినా ఊరంతా దాన్ని నాటకాల హాలు అనే అంటుంది. అందులో నాటకం చూసినవాళ్లు ఎంతమంది మిగిలారో అడగొద్దు.

నేను పుట్టింది సిరిసిల్లలో, మరమగ్గాల ఇంట్లో. సెలవులకు కోరుట్లలో మా మేనమామ ఇంటికి వచ్చేదాన్ని. అలా వచ్చినప్పుడే ఆ హాల్లో నాటకం చూశాను. ఊళ్లో బడి చెప్పే సారు ఒకాయన సొంతంగా రాసిన నాటకం. రాజు వేషం ఆయనదే. ఆ రాజు కోటను శత్రువుకు అప్పజెప్పి ప్రాణం కాపాడుకుందామంటాడు, రాణి వద్దంటుంది. రాణి వేషం మీసాలు గొరిగించుకున్న ఒక మగాయనది. ఆయన కొంగు బిగించి రాజు ముందు నిలబడి, "కోట పడిపోయిన మరల కట్టుకొందుము ప్రభూ. మాట పడిపోయిన ఏ సున్నముతో నిలబెట్టెదరు?" అన్నాడు. నా ఒళ్లు ఝల్లుమంది. సెలవులైపోయి సిరిసిల్ల పోయాక మగ్గాల చప్పుడులో ఆ మాటనే అరిచి అరిచి చెప్పుకునేదాన్ని. మగ్గాల ఇంట్లో పుట్టినవాళ్లకు మెల్లగా మాట్లాడడం రాదు. మా నాన్న మగ్గం ఆపి, "ఎవలి మీద లేస్తున్నవే?" అని అడిగేవాడు.

మరుసటి సెలవుల్లో నేరుగా సారు దగ్గరికే పోయి, రాణి వేషం నాకు ఇవ్వమన్నాను. సారు హార్మోనియం తుడుచుకుంటున్నాడు. తల కూడా ఎత్తలేదు.

"ఆడోళ్ల ఏషాలకు మొగోళ్లున్నరు బిడ్డా" అన్నాడు.

ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. నవ్వుతూనే కడుపు మండుతుంది. ఇల్లు, పిల్లలు, కుట్టుమిషను, ఇవన్నీ నా జీవితంలోకి నేను అడగకుండానే వచ్చాయి. నేను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. ఆ స్టేజీ మీద ఒక్కసారి నిలబడి ఆ మాట చెప్పాలి. అంతకంటే పెద్ద కోరిక నాకు లేదు, ఉందని అబద్ధమాడను.

కోరుట్ల సంబంధం వచ్చినప్పుడు మా అమ్మ "పిలగాడు ఎట్ల అనిపిస్తుండు?" అని అడిగితే, "హాలు మంచిగుంటది" అన్నానట. మా ఆయన ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు. నేను కాపురానికి వచ్చేసరికి ఆ హాల్లో మక్కల బస్తాలున్నాయి.

ఈ మధ్య ఒక ఏడాది, చలి తగ్గే రోజుల్లో, జగిత్యాల నుంచి ఇంజినీరు వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడి కప్పు చూశాడు. మిరుగం కార్తె లోపల కప్పు మార్చుకుంటే సరే, లేకపోతే వానలు పడకముందే హాలును పడగొట్టక తప్పదన్నాడు. పక్కనే బడిపిల్లలు నడిచే తొవ్వ ఉంది, వాళ్ల మీద పడితే ఎవరు జవాబు చెప్తారన్నాడు. ఆయన చెప్పింది న్యాయమే. న్యాయమైన మాట విన్నా నాకు కోపమొస్తుంది, అది నా పుట్టుక. ఆ రోజు ఒకావిడ జాకెట్టుకు చేతులు తిరగేసి కుట్టాను.

నాటక సంఘంలో మిగిలింది కొద్దిమంది ముసలివాళ్లు. అధ్యక్షుడు బ్యాంకులో పనిచేసి దిగిపోయినవాడు, మర్యాదస్తుడు. వాళ్లు రసీదు పుస్తకాలు, క్యూఆర్ కోడ్ అంటించిన అట్ట పట్టుకొని ఇల్లిల్లూ తిరిగారు. ఊరు కూడా మర్యాద తప్పలేదు. ప్రతి ఇంట్లో చాయ పోసింది. వారం తిరిగేసరికి అధ్యక్షుడికి షుగరు పెరిగింది గానీ చందా పెరగలేదు.

మా వదిన, అంటే మా ఆయన అక్క, ఈ ముచ్చటంతా మా అరుగు మీద కూర్చొని బీడీలు చుడుతూ విన్నది. చాట ఒళ్లోంచి దించకుండానే మా వాకిట్లోకి వచ్చిన అధ్యక్షుడికి పాఠం చెప్పింది.

"గా నల్లచుక్కల అట్ట జూసి ఎవలిస్తరన్నా? రసీదు జూపెడితే మనిషి ఎనుకకు జరుగుతడు. పత్రిక ఇయ్యాలె, బొట్టు పెట్టాలె, బువ్వ పెట్టాలె. గప్పుడు కట్నం రాయించకుండ యాడికి పోతరు?"

కట్నమంటే ఇక్కడ పెళ్లికొడుక్కి ఇచ్చేది కాదు. పెళ్లికో ఫంక్షన్‌కో పోయినవాళ్లు బల్ల దగ్గర పేరు చెప్పి ఇచ్చే సొమ్ము. రాసుకునేవాళ్లు రాసుకుంటారు, మైకులో చదివేవాళ్లు చదువుతారు. దగ్గరి చుట్టాలైతే బట్టలు కూడా పెడతారు. పత్రిక తీసుకొని, నుదుట బొట్టు పెట్టించుకొని, కడుపునిండా తిని, చేతులూపుకుంటూ వచ్చే మనిషి మా వైపు ఇంకా పుట్టలేదు.

"హాలుకు ఫంక్షనేందమ్మా? ఏం ఫంక్షనని రాయాలె?" అన్నాడు అధ్యక్షుడు.

"అచ్చినంక అడుగుతరు, అచ్చెదాక అడగరు" అన్నది మా వదిన.

మా ఆయనది పత్రికలు అచ్చువేసే షాపు. పోయిన లగ్గాల్లో మిగిలిపోయిన పత్రికలు ఒక మూల పడి ఉన్నాయి, వాటి మీద పల్లకి బొమ్మ. లోపల "మా నాటకాల హాలు శుభకార్యమునకు బంధుమిత్ర సపరివారముగా విచ్చేయ ప్రార్థన" అని కొట్టించాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు కదా. మాకు పెళ్లికూతురు లేదు, పెళ్లికొడుకు లేడు, పల్లకి మాత్రం తయారు.

సిరిసిల్లకు నేనే పోయాను. కుంకుమ భరిణె పట్టుకొని మా తల్లిగారి వాడంతా తిరిగాను. మగ్గాలు ఆపి బయటికి వచ్చినవాళ్లు ముందు నుదురు చాపారు, ఆ తర్వాత అడిగారు.

"పిల్లదా, పిలగానిదా?"

"హాలుది" అనేదాన్ని.

అక్కడి నుంచి గంభీరావుపేటలో మా చిన్నమ్మ ఇంటికి పోయాను. ఆమె పత్రికను అటూ ఇటూ తిప్పి, "హాలు ఎవలోళ్లే? మనోళ్లేనా?" అన్నది. అందరోళ్లు చిన్నమ్మా, అంటే కాసేపు ఆలోచించి, "అట్లయితే మంచి చీరనే పెట్టాలె" అన్నది. అటు జగిత్యాల, ఇటు కోనరావుపేట, ఎక్కడ మా ఆడవాళ్లకు చుట్టముంటే అక్కడికల్లా బొట్టు పోయింది. ఆ పదిహేను రోజులు నేను బస్సు ఎక్కడం, దిగడం తప్ప వేరే పని చేయలేదు. కుట్టమని బట్టలిచ్చిన గిరాకీలు తిట్టుకున్నారు. తిట్టుకోనీ అనుకున్నాను. నాకు ఒంట్లో జ్వరం లాంటి సంతోషం.

ఫంక్షన్ రోజు పొద్దున హాలు ముందర టెంటు వేశారు. కప్పు భయానికి లోపలికి ఎవరినీ పోనివ్వలేదు. బియ్యం ఒకరు, కూరగాయలు ఒకరు, కోయడానికి యాటలు ఒకరు ఇచ్చారు. బగార అన్నం వాసన బజారు దాకా పోయింది. ఎంతమంది వస్తారోనని అధ్యక్షుడు టెంటు గుంజ పట్టుకొని నిలబడ్డాడు. పొద్దెక్కేసరికి ఆటోలు, ట్రాలీలు, స్కూటర్లు, తొవ్వంతా నిండిపోయింది. సిరిసిల్ల వాళ్లయితే పెద్ద ట్రాలీ మాట్లాడుకొని, డప్పులతో దిగారు. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఎదురుపోయి మా వాళ్ల చేతులు పట్టుకుంటే మాట రాలేదు. నాకు మాట రాకపోవడమంటే ఎంత సంగతో మా ఆయననడగాలి.

అక్కడే ఒక చిక్కు వచ్చింది. చుట్టాలు వట్టి చేతులతో రాలేదు, మూటలతో వచ్చారు. చీరలు, ధోతులు, తువ్వాళ్లు, జాకెట్టు ముక్కలు. సిరిసిల్ల వాళ్లు తానులకు తానులే మోసుకొచ్చారు. బట్టలు పెట్టడమంటే ఒక పద్ధతుంది. శుభకార్యం చేసేవాళ్లను పీటల మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, భుజం మీద బట్టలు కప్పాలి. పీట వేశారు. దాని మీద ఎవరు కూర్చోవాలి? అధ్యక్షుడు కూర్చోబోతే, "నీకెందుకు పెడుతం? హాలుకు పెడుతం" అన్నది మా చిన్నమ్మ. అధ్యక్షుడు లేచాడు. పీట ఖాళీగా ఉంది. చీర పట్టుకున్న ఆడవాళ్ల వరుస బజారు మూల దాకా నిలబడింది.

నాకు ఓపిక తక్కువ. చిన్నమ్మ చేతిలో చీర గుంజుకొని హాలు ముందరి స్తంభానికి చుట్టాను, కొంగు తీసి పైన దోపాను. మా వదిన వచ్చి ఆ స్తంభానికి కుంకుమ బొట్టు పెట్టింది. ఇక ఆగలేదు. ఒక్కో స్తంభానికి చీర మీద చీర పడింది. తలుపు గొళ్లాలకు కండువాలు, కిటికీలకు ధోతులు. సారు కూడా వచ్చాడు. బాగా ముసలివాడైపోయాడు, చేతికర్ర లేనిదే నడవడు. చీర కట్టిన స్తంభాలను చూసుకుంటూ అటు నుంచి ఇటు నడిచి, నన్ను ఆనవాలు పట్టకుండానే, "రాణుల అంతఃపురమైంది గదా" అని తనలో తాను నవ్వుకున్నాడు. బల్ల దగ్గర కట్నాలు రాసేవాళ్లకు బువ్వ తినే తీరిక దొరకలేదు. కప్పుకు కావలసింది వచ్చింది. మర్నాడే జగిత్యాల నుంచి చెక్కపని చేసే వడ్లాయన తన మనుషులతో దిగి, పాత పెంకలు దించడం మొదలుపెట్టాడు.

సంబరం పది రోజులు కూడా నిలవలేదు. మేము చేసిన తప్పు ఏమిటో పత్రికల రూపంలో వచ్చింది. మా ఆయన షాపుకు ఒక్కొక్కరే వచ్చి పత్రిక ఇచ్చిపోతున్నారు. పైన ఇంటిపేరు రాసేచోట "నాటకాల హాలు" అని ఉంది. మా బిడ్డ లగ్గం, హాలు తరపున రావాలె. మా కొడుక్కు మొదటి ధోతి కట్టిస్తున్నం, ధోతుల ఫంక్షన్, హాలు తప్పక రావాలె. ఎందుకు రావాలో చెప్పనక్కర్లేదు. ఇస్తినమ్మా వాయనం, పుచ్చుకుంటినమ్మా వాయనం. కట్నం రాయించినవాళ్లింట్లో కార్యమైతే మనం తిరిగి రాయించాలి, వాళ్లు పెట్టినదానికి కొంత పైన వేసి. బట్టలు పెట్టినవాళ్లకు బట్టలు. పుట్టినప్పటి నుంచి ఈ పద్ధతిలో బతికినవాళ్లం. మా వదినకు తట్టలేదు, నాకు తట్టలేదు, ఊళ్లో ఒక్కరికీ తట్టలేదు. పైగా అది వైశాఖం, ఇంటింటికీ లగ్గాలే.

"గది చందా అని జెప్పి వస్త" అని అధ్యక్షుడు ఒక ఇంటికి పోయాడు. ఆ ఇంటామె ఆయనను మంచం మీద కూర్చోబెట్టి, నెమ్మదిగా ఒకే మాట అడిగింది.

"చందా అయితే మరి బొట్టెందుకు పెట్టిండ్రు?"

ఆయన చెప్పులేసుకొని తిరిగొచ్చాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తిరిగి ఇస్తే కప్పు లేదు. ఇవ్వకపోతే, కోరుట్లోళ్లు తిన్నరు, తీసుకున్నరు, ముఖం చాటేసిండ్రు అని జిల్లా అంతా అంటుంది. పాత పెంకలన్నీ దించేశారు. హాలు నెత్తి బోడిగా ఉంది. ఆకాశం కనిపిస్తున్న ఆ స్టేజీని చూసి నేను ఇంటికొచ్చి, ఎవరితో మాట్లాడకుండా అన్నం గిన్నె దభీమని దించాను. మా ఆయన దూరం నుంచే, "హాలు మీది కోపం గిన్నె మీద ఎందుకు?" అన్నాడు. ఆ రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది. పడగొడితే ఇక ఆ మాట ఎక్కడ నిలబడి చెప్పాలి?

అందరికంటే ముందు గంభీరావుపేట లగ్గం వచ్చింది, మా చిన్నమ్మ మనుమరాలిది. పోకుండా ఉండలేం. స్తంభాల మీంచి తీసిన బట్టల కుప్ప ఉంది కదా, ఒకరి చీర ఇంకొకరికి పెడితే ఎవరికి తెలుస్తుందిలే అని మా వదిన సలహా. అత్త సొమ్ము అల్లుడు ధారపోసినట్టు, కుప్పలో మంచిది, నెమలికంఠం రంగు చీర తీశాము. పెద్దమనిషి ఒకరు ఉండాలని సారును ఆటోలో ఎక్కించుకున్నాము.

లగ్గం పగటి పూట. తలంబ్రాలు అయిపోయాయి, భోజనాల బంతులు నడుస్తున్నాయి. నేను పెళ్లిపిల్ల తల్లికి బొట్టు పెట్టి చీర కప్పాను. పక్కనే ఉన్న చిన్నమ్మ ఆ అంచును వేళ్లతో నలిపి చూసింది.

"గిది నేను పెట్టిన చీరనే గదనే" అన్నది.

ఆ రోజు ఆమె చేతిలోంచి గుంజింది నేనే, ఆ హడావిడిలో రంగు చూసుకోలేదు. కుప్పలో అన్ని చీరలుంటే మా చేతికి అదే రావాలా? చుట్టూ ఉన్న ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అదే సమయానికి బల్ల దగ్గర మైకు పట్టుకున్న ఆయన, పాపం ఆయనకు ఇదేమీ తెలియదు, "కోరుట్ల నాటకాల హాలు వారు" అని చదివి, ఎంత అన్నట్టు నా వైపు చూశాడు. పందిట్లో ఉన్నవాళ్లంతా చూశారు. నా చెవులు వేడెక్కాయి. సిగ్గుకు నాకు తల వంచడం రాదు, కోపమొస్తుంది. బల్ల దగ్గరికి పోయి మైకు పక్కకు జరిపాను.

"హాలు తరపున కట్నం గిది. రాసుకోండ్రి" అన్నాను.

నడుముకు కొంగు బిగించాను. ఎదురుగా రాజు లేడు, ఎవరూ లేరు. ఉన్న గొంతంతా పెట్టి అన్నాను.

"కోట పడిపోయిన మరల కట్టుకొందుము ప్రభూ. మాట పడిపోయిన ఏ సున్నముతో నిలబెట్టెదరు?"

బ్యాండువాళ్లు ఆపేశారు. వడ్డించేవాళ్లు గరిటెలతో అలాగే నిలబడ్డారు. నేనే కొంచెం భయపడ్డాను, పిచ్చిదనుకుంటున్నారేమోనని. అప్పుడు తినేవాళ్ల బంతిలోంచి సారు లేచాడు. చేతికి అన్నం మెతుకులున్నాయి, చేతికర్ర కుర్చీకే ఉంది. ఎప్పుడో ఆ హాల్లో విన్న గొంతు, కాస్త వణికినా అదే గొంతు, పందిరంతా పరుచుకుంది.

"దేవీ, నీ నాలుకకు ఒర లేదని వివాహమునాడే ఎరుగనైతిని."

మగపెళ్లివాళ్ల వైపు నుంచి నవ్వు ఒక్కసారిగా లేచింది. పెళ్లికొడుకు కూడా పెళ్లిపిల్లను చూసి నవ్వాడు. సారు మెల్లగా నా వైపు నడుస్తూ తర్వాతి మాట అందుకున్నాడు, నేను దాని తర్వాతిది అందుకున్నాను. నాకు ఒక్క ముక్క తప్పలేదు. ఆయన రాజుగా బతిమాలాడు, నేను రాణిగా దులిపాను. బంతిలో కూర్చున్నవాళ్లు విస్తర్లు వదిలి వచ్చి చుట్టూ నిలబడ్డారు. అయిపోయాక మైకాయన కాసేపు ఆలోచించి, "కోరుట్ల నాటకాల హాలు వారు, రాజు ఒకటి, రాణి ఒకటి" అని చదివాడు. మా చిన్నమ్మ ఆ నెమలికంఠం చీర తీసి నా భుజం మీదే కప్పింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో సారు చేతికర్రను మోకాళ్ల మధ్య నిలబెట్టుకున్నాడు. మెట్‌పల్లి తొవ్వ దాటాక అడిగాడు.

"గీ మాటలన్ని నీకెవలు నేర్పిండ్రు బిడ్డా?"

"మీరే సారు. నాకు ఇయ్యనన్నరు గని ఇనకుమని అనలే" అన్నాను.

ఆయన చేతికర్ర పిడిని కండువాతో తుడుచుకున్నాడు.

ఆ లగ్గంలో ఎవరో ఫోనులో తీసిన వీడియో మాకంటే ముందే కోరుట్ల చేరింది. మరునాటి నుంచి మా ఆయన షాపుకు వచ్చే పత్రికల వెంట ఒక మాట కూడా వచ్చింది. మాకు కట్నమొద్దు, బట్టలొద్దు, రాజును రాణిని తోలుండ్రి. ఇక చూడాలి మా ఊరేగింపు. కోనరావుపేటలో ధోతుల ఫంక్షన్, సిరిసిల్లలో మూడు లగ్గాలు, జగిత్యాలలో గృహప్రవేశం, బీర్పూర్‌లో పొలం పక్కన వేసిన పందిట్లో ఒకటి. బట్టల కుప్పను నేను కత్తిరించి, రాజుకు అంగీ, రాణికి పావడా, భటులకు నడికట్లు కుట్టాను. సిరిసిల్ల తానుల్లోంచి తెర తయారైంది. చీరలు పెట్టినవాళ్లు తమ చీరలను సారు ఒంటి మీద గుర్తుపట్టి, "అగో, గది నాదే" అని పక్కవాళ్లకు చూపించుకునేవాళ్లు. భటులుగా మొదట మా ఆయన, అధ్యక్షుడు దిగారు. అధ్యక్షుడికి ఒకే మాట, "చిత్తము ప్రభూ." దాన్ని కూడా రెండుసార్లు మరిచిపోయాడు.

ప్రతి పందిట్లో ఆ మాట చెప్పాను. ఎండ, చెమట, బస్సులు, గొంతు బొంగురు, అయినా ఇంకో పత్రిక వస్తే బాగుండుననిపించేది. ఆ రోజుల్లో నేను ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పడానికి నా దగ్గర సరైన మాట లేదు. పిల్లలు తొవ్వ మీద కనబడితే "రాణొచ్చింది" అనేవాళ్లు. అక్కడ కట్నాల సొమ్ము పక్కకు పోకుండా కప్పు మీదే ఖర్చయింది. కొత్త దూలాలు లేచిన రోజు మేము బీర్పూర్ నుంచి వేషాలు విప్పకుండానే నేరుగా హాలుకు పోయి, చెమట ముఖాలతో మెడలెత్తి చూశాము. వడ్లాయన పైనుంచి, "రాజులచ్చిండ్రు, జర జరుగుండ్రి, మొలలు పడ్తయ్" అని అరిచాడు.

మిరుగం ఇంకా రాకముందే ఆఖరి పెంక ఎక్కింది. ఇంజినీరు మళ్లీ వచ్చి, ఈసారి లోపలికి నడిచి, కప్పు కింద తిరిగి, బాగుందన్నాడు. హాలు నిలిచింది. కానీ నా గుండెలో రాయి అలాగే ఉంది. పందిట్లో ఎన్నిసార్లు చెప్పినా పందిరి పందిరే. హాలు తెరిచే రోజున ఆ చెక్క స్టేజీ మీద ఆడబోయే మొదటి నాటకంలో రాణి ఎవరన్నది సారు చెప్పలేదు. అది సంఘం నాటకం. సంఘంలో ఆడవాళ్లు ఎన్నడూ లేరు. వేరే ఎవరినైనా అంటాడేమోనని నేను అడగలేదు. ఒకసారి అడిగి చూసిన నోరు రెండోసారి లేవదు. నాలాంటి దాని నోరు కూడా.

వేషాలు పంచడానికి సంఘం వాళ్లు కూర్చున్నారు. నేను పావడాకు అంచు కుడుతున్నట్టు వంక పెట్టుకొని మూలకు కూర్చున్నాను. అధ్యక్షుడు కళ్లద్దాలు సరిచేసుకొని, "రాణి ఏషం ఎవలికి సారు?" అన్నాడు. సూది నా వేలికి దిగింది.

"ఎవలికేంది? ఈమె కుట్టేది ఎవల పావడా అనుకున్నవ్?" అన్నాడు సారు.

హాలు తెరిచే రోజు సాయంత్రం, ఇంకా వెలుతురుండగానే తలుపులు తీశారు. బొట్టు పెట్టి పిలిచిన ఊళ్లన్నీ వచ్చాయి. లగ్గాలలో మేము పోయిన ఇళ్లన్నీ వచ్చాయి. కుర్చీలు చాలక గోడల వెంబడి నిలబడ్డారు. ముందు వరుసలో మా చిన్నమ్మ, మా వదిన, సిరిసిల్ల నుంచి మా అమ్మ. తెర పక్కకు జరిగింది. సారు రాజుగా కోట అప్పగిస్తానన్న మాట చెప్పి, నా వైపు తిరిగాడు.

నేను ముందుకు వచ్చాను. పాదాల కింద చెక్క కిరకిరమన్నది. ఎదురుగా అంత మంది. ఎన్నేళ్లు, ఎన్ని పందిళ్లు. నోరు తెరిచాను. మాట రాలేదు.

మరిచిపోయానంటే తప్పు. లోపల ఉంది, పైకి రావడం లేదు. సారు పెదవులు కదిలించి అందిస్తున్నాడు, నాకు వినబడడం లేదు. చిన్నప్పటి నుంచి ఒక్క చోటు కోసం దాచుకున్నది ఆ చోటుకు వచ్చి గొంతులో ఇరుక్కుంది. ఎవరో దగ్గారు. ఇక దిగిపోవాలేమో అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను.

"కోట పడిపోయిన" అన్నది మా చిన్నమ్మ, ముందు వరుసలోంచి, మెల్లగా.

"మరల కట్టుకొందుము ప్రభూ" అన్నది ఇంకెవరో, కోనరావుపేట ఆమె అనుకుంటాను. ఆ తర్వాత ఒక్కరు కాదు. బీడీలు చేసే ఆడవాళ్లు, మగ్గాలు నడిపే మగవాళ్లు, ఒళ్లో కూర్చున్న పిల్లలు, గోడకు ఆనుకున్న ముసలివాళ్లు, అందరూ ఎత్తుకున్నారు. వాళ్ల వాకిళ్లలో, వాళ్ల బిడ్డల లగ్గాల్లో విన్న మాట కదా, అందరికీ వచ్చేసింది. కొత్త కప్పు కింద ఆ మాట అంత పెద్దగా అవుతుంటే స్టేజీ అదురుతున్నట్టు నా పాదాలకు తెలిసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వెంటనే, నా గుణం తెలుసు కదా, ఒళ్లు మండింది. కాలు నేలకేసి కొట్టాను.

"ఊకోండ్రి. గది నా మాట. నేను జెప్త" అన్నాను.

హాలంతా నోరు మూసింది. కొంగు నడుముకు బిగించి, సారు కళ్లలోకి చూసి, మొదటి నుంచి ఆఖరి దాకా నేనే చెప్పాను. రాజు వేషంలో ఉన్న సారు నాకు తల వంచి, ఆ తర్వాతే "దేవీ" అని అందుకున్నాడు.